చచ్చినవాళ్ళు మాత్రమే మాట్లాడే నవల: మార్టిన్ ఓ కైన్ 'క్రే నా కిల్లె' ఎవరైనా చదివారా?

కాగితప్పడవ · సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఐర్లండ్‌లో చదువుకుని వచ్చిన ఫ్రెండొకడు ఇల్లు ఖాళీ చేస్తూ నాలుగు పుస్తకాలు నాకు అంటగట్టి పోయాడు. అందులో ఒకటి 'గ్రేవ్‌యార్డ్ క్లే'. ఐరిష్ భాషలో వచ్చిన 'క్రే నా కిల్లె' అనే నవలకి ఇంగ్లీష్ అనువాదం. రచయిత పేరు మార్టిన్ ఓ కైన్ అని వాడే పలికి చూపించాడు. అట్ట మీది స్పెల్లింగ్ చూసి నేనైతే 'ఓ కాధైన్' అనుకున్నాను.

నలభై పేజీలయ్యాయి. ఎవరు మాట్లాడుతున్నారో అర్థమైతే ఒట్టు. 'అన్నాడు', 'అంది' అనేవే లేవు. వర్ణన లేదు. ఒక గీత, ఒక మాట, మళ్ళీ గీత. కొన్ని మాటలు మధ్యలో మొదలై మధ్యలోనే తెగిపోతున్నాయి. అందరూ చచ్చిపోయి సమాధుల్లో ఉన్నవాళ్ళే అని వెనక అట్ట చూస్తే తెలిసింది. ఐరిష్ రచయితల్లో జాయిస్, బెకెట్ పేర్లు విన్నాను గానీ ఈయన పేరు ఎప్పుడూ వినలేదు. లాగించనా, వదిలేయనా?

మధ్యాహ్నంనిద్ర · సోమవారం రాత్రి 10:58

వదిలేయ్ బ్రదర్. నవల చదవడానికి నోట్సు రాసుకోవాల్సి వస్తే అది నవల కాదు, సిలబస్.

లిఫీఒడ్డున · సోమవారం రాత్రి 11:31

వదలొద్దు! ఈ పుస్తకం గురించి తెలుగులో ఎవరైనా అడుగుతారని నేను కల్లో కూడా అనుకోలేదు. తొమ్మిదేళ్ళుగా డబ్లిన్‌లో ఉంటున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, తిట్టుకోకండి.

ముందు కథ. కత్రీనా ఫాడీన్ అనే ముసలావిడ చచ్చిపోయి, అప్పుడే సమాధిలోకి దిగింది. ఆవిడ మొదటి దిగులు తను చచ్చిపోయినందుకు కాదు. తన వాళ్ళు తనని పౌండు వరసలో పూడ్చారా, పదిహేను షిల్లింగుల వరసలో పూడ్చేశారా అని! ఆ శ్మశానంలో మూడు రేట్లు. పౌండు వరస పెద్దవాళ్ళది, పదిహేను షిల్లింగులది మధ్యతరగతి, అర గినీ వరస పేదోళ్ళది. అప్పటి లెక్కలో పౌండుకి ఇరవై షిల్లింగులు, అర గినీ అంటే పది షిల్లింగుల ఆరు పెన్నీలు. అంటే పై వరసకీ కింది వరసకీ తేడా పది షిల్లింగుల లోపే. ఆ తేడా కోసం చచ్చాక కూడా కొట్టుకుంటారు.

పైన ఏం జరుగుతోందో కింద వాళ్ళకి తెలీదు. కొత్త శవం దిగినప్పుడల్లా కత్రీనా అదే పనిగా పీకుతుంది. నా కొడుకు నా మీద రాతి శిలువ పెట్టిస్తున్నాడా? నా చెల్లెలు నెల్ ఇంకా బతికే ఉందా? అమెరికాలో ఉన్న తోబుట్టువు బాబా ఆస్తి ఎవరి పేర రాసింది? వచ్చినవాడేమో తన రోగం, తన అప్పు, తన పక్కింటాయన గురించి చెప్పుకోవాలని చూస్తాడు. పది భాగాల నవల మొత్తం ఇంతే.

పగ ఎందుకంటే, కత్రీనా మనసుపడ్డ జాక్‌ని చెల్లెలు పెళ్ళి చేసుకుంది.

మధ్యాహ్నంనిద్ర · సోమవారం రాత్రి 11:40

ఇది మా మేనత్తల కథ కదా 😂 సరే, నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా.

టీచరమ్మ_రిటైర్డ్ · మంగళవారం ఉదయం 6:15

కాగితప్పడవ గారూ, నేను ఈ పుస్తకం రెండేళ్ళ క్రితం మా అమ్మాయి దగ్గర చదివాను. ఒక చిట్కా చెప్తాను. పేర్లు వెతక్కండి, ఫిర్యాదులు పట్టుకోండి. ప్రతివాడికీ ఒక పాట ఉంటుంది, ఎప్పుడు నోరు తెరిచినా అదే. ఒకడు తనని కత్తితో పొడిచినవాడి గురించే మాట్లాడతాడు. బడి పంతులేమో తను పోయాక భార్య ఏం చేస్తోందో అని ఆరా తీస్తుంటాడు. ఆవిడ పోస్ట్‌మ్యాన్‌ని చేసుకుందని తెలిశాక ఆయన నోటి నుంచి వచ్చే శాపనార్థాలు చూడాలి! నోరా హానీన్, అంటే కత్రీనా వియ్యపురాలు, నాగరికత, సంస్కృతి అంటూ పోజులు కొడుతుంటుంది. కత్రీనాకి ఆవిడ పేరు వింటేనే ఒళ్ళు మంట. ఇద్దరినీ ఒకే మట్టిలో పెట్టారు మరి.

మధ్యలో ఒక ఫ్రెంచ్ పైలట్ కూడా ఉంటాడు. యుద్ధం రోజుల్లో విమానం కూలి అక్కడ పూడ్చబడ్డవాడు. శవాల దగ్గర ఐరిష్ నేర్చుకుంటాడు పాపం.

కొన్ని భాగాల్లో 'శ్మశానపు బాకా' అని ఒక గొంతు వస్తుంది. అది మాత్రం గంభీరంగా, గ్రాంథికంలా ఉంటుంది. అది వచ్చినప్పుడు విసుగొస్తే తొందరగా దాటేయండి, నేనూ అదే చేశాను. రెండోసారి చదివినప్పుడు గానీ అది ఎందుకుందో తెలియలేదు. ఇంత వాగుడు మధ్య మట్టి వాసన గుర్తుచేసేది అదొక్కటే.

నల్లరేగడి · మంగళవారం ఉదయం 9:02

మంచిగుంది ముచ్చట. ఈ మనిషి ఎవరు అసలు? ఊరోడా, పట్నపోడా? ఇట్ల రాసేటోడు ఊరోడే అయి ఉండాలె.

లిఫీఒడ్డున · మంగళవారం మధ్యాహ్నం 2:20

ఊరోడే అన్నా. 1906లో పుట్టాడు. గాల్వే పట్నం నుంచి సముద్రం ఒడ్డున పడమటికి పోతే స్పిడ్డల్ అనే ఊరొస్తుంది, దాని దగ్గరే ఈయన పల్లె. కొనమెరా ప్రాంతం. రాళ్ళు తప్ప ఏమీ పండని చోటు. చేలకి గట్లు కూడా రాళ్ళతో పేర్చినవే. నేను ఒకసారి ఆ రోడ్డులో వెళ్ళాను. అక్కడ ఊరి బోర్డుల మీద ఇంగ్లీష్ ఉండదు, ఐరిష్ ఒక్కటే. జీపీఎస్ ఒకటి చెప్తుంది, బోర్డు ఇంకోటి చెప్తుంది. అరగంట తిరిగిన చోటే తిరిగి, చివరికి పెట్రోల్ బంకులో అడిగాం.

బడి పంతులుగా చేశాడు. ఐఆర్ఏలో (ఐర్లండ్ మొత్తం గణతంత్రం కావాలని పోరాడిన సాయుధ సంస్థ) ఉన్నాడని 1936లో ఉద్యోగం పీకేశారు. అప్పటి బళ్ళ మీద పెత్తనం చర్చిది. 1940లో నిరాహారదీక్షలో చనిపోయిన టోనీ డార్సీ సమాధి దగ్గర ప్రసంగించాడు, ఆ తర్వాత అరెస్టు చేశారు. కిల్డేర్ కౌంటీలోని కర్రా క్యాంపులో 1944 దాకా విచారణ లేకుండా ఉంచారు. అక్కడ తోటి ఖైదీలకి ఐరిష్ పాఠాలు చెప్పాడు. ఆ రోజుల్లో తోటి రచయిత తోమాస్ బరేడ్‌కి రాసిన ఉత్తరాలు తర్వాత 1973లో పుస్తకంగా వచ్చాయి.

బయటికొచ్చాక కొన్నాళ్ళు దొరికిన పని చేశాడు. 1949 నుంచి పార్లమెంటు అనువాద విభాగంలో ఉద్యోగం. 1956లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో లెక్చరర్, 1969లో అక్కడే ఐరిష్ భాషా ప్రొఫెసర్. మరుసటేడే, 1970 అక్టోబరులో పోయాడు. పల్లె బడి నుంచి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, డిగ్రీ లేకుండా ట్రినిటీలో ప్రొఫెసర్ కుర్చీలో కూర్చున్నాడు. ఒక్క ఏడాదే అనుకోండి.

కాగితప్పడవ · మంగళవారం రాత్రి 9:47

టీచరమ్మ గారి చిట్కా పనిచేసింది! పాత పెళ్ళిపత్రిక వెనక పేరు, పక్కనే ఫిర్యాదు రాసుకుంటున్నా. పదకొండు మంది తేలారు. ఇంకో ఇరవై మంది చీకట్లోనే ఉన్నారు.

ఒక డౌటు. కత్రీనా ఫాడీన్‌లో 'ఫాడీన్' ఇంటిపేరా?

లిఫీఒడ్డున · మంగళవారం రాత్రి 10:05

కాదు, నాన్న పేరు. పాడీన్ కూతురు కత్రీనా. ఐరిష్‌లో వెనక వచ్చే పేరు మొదటి అక్షరం మెత్తబడి 'ప' కాస్తా 'ఫ' అవుతుంది. నోరా హానీన్ కూడా అంతే, షానీన్ కూతురు నోరా. ఊళ్ళో అందరికీ రెండు మూడు ఇంటిపేర్లే ఉంటే ఇంకెలా పిలుచుకుంటారు? 'ఫలానా వాళ్ళ అమ్మాయి' అని మనం అన్నట్టే.

వంకాయకూర · మంగళవారం రాత్రి 11:12

ఒక్కటి అడుగుతా, ఎవరూ కోప్పడొద్దు. ముసలమ్మల కొట్లాటలో గొప్పేముంది? మన టీవీ సీరియళ్ళలో రోజూ ఉన్నదే. ఐరిష్‌లో రాశాడు కాబట్టి, జైలుకెళ్ళాడు కాబట్టి పెద్ద రచయిత అంటున్నారేమో అనిపిస్తోంది. చిన్న భాషలో ఒక్క మంచి పుస్తకం వస్తే ప్రపంచ క్లాసిక్ అనేయడం కూడా ఒక ఫ్యాషనే.

టీచరమ్మ_రిటైర్డ్ · బుధవారం ఉదయం 6:20

కోపమెందుకు నాయనా, మంచి ప్రశ్నే. సీరియల్లో అత్త చెడ్డది, కోడలు మంచిది, మనం ఎవరి పక్షమో ముందే తేల్చి పెడతారు. ఇందులో కత్రీనా అబద్ధాలకోరు, ఈర్ష్య, నోటి దురుసు. అయినా మూడొందల పేజీలు ఆవిడతోనే ఉంటాం. ఎందుకంటే ఆవిడకి దక్కిన జీవితంలో ఆవిడ అనుకున్నది ఒక్కటీ జరగలేదు, ఆ మాట ఆవిడ ఎప్పుడూ నేరుగా చెప్పదు. రాతి శిలువ గురించి అడుగుతుంది, అంతే. తన మీద ఆ రాయి నిలబడితే చాలు, చెల్లెలి మీద గెలిచినట్టే.

ఇంకోటి. ఐర్లండ్ పల్లె అంటే అప్పటి ప్రభుత్వం చెప్పే బొమ్మ వేరు. దైవభక్తి, పొదుపు, పొయ్యి దగ్గర చల్లని ముచ్చట్లు. ఈయన అదే పల్లెవాడు, అదే భాష కోసం పోరాడినవాడు. మరి పల్లెవాళ్ళని ఎలా చూపించాడు? పక్కవాడి సముద్రపు నాచు, గడ్డిమోపు లెక్కపెట్టుకునే జనంగా. తన వాళ్ళని దేవుళ్ళని చేయకుండా ప్రేమించడం ఎంత కష్టమో రాసేవాళ్ళకే తెలుస్తుంది.

నల్లరేగడి · బుధవారం ఉదయం 8:40

టీచరమ్మా, దండం 🙏

లిఫీఒడ్డున · బుధవారం మధ్యాహ్నం 1:15

వంకాయకూర గారూ, గొప్ప అని ముందే డిసైడ్ చేసి ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు, ఉల్టా జరిగింది. 1947లో ఐరిష్ భాషా ఉత్సవం ఓరాక్తస్‌లో ఈ నవలకి బహుమతి వచ్చింది. అయినా ప్రభుత్వ ప్రచురణ సంస్థ 'అన్ గూమ్' వేసుకోనంది. మరీ జాయిస్ తరహా ప్రయోగంలా ఉందని అన్నట్టు చెప్తారు. అదే సంస్థకి ఈయన కుర్రతనంలో, 1932లో, కిక్కమ్ అనే రచయిత ఇంగ్లీష్ నవల ఒకటి ఐరిష్‌లోకి అనువాదం చేసిపెట్టాడు. చివరికి అప్పుడే పుట్టిన చిన్న ప్రచురణ సంస్థ, మొగుడూ పెళ్ళాం నడిపే 'సార్షేల్ అగస్ డిల్' దాన్ని పుస్తకంగా తెచ్చింది. బొమ్మలు చార్లెస్ లాంబ్ అనే చిత్రకారుడు వేశాడు. అంతకుముందు 'ఐరిష్ ప్రెస్' దినపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అంటే మీరన్నట్టు సీరియలే!

గోదారిగట్టు · బుధవారం రాత్రి 8:30

థ్రెడ్ ఇప్పుడే చూశా. రెండు సంగతులు.

ఒకటి, ఈయన రచయిత అవడానికి గోర్కీ కారణం. మనకి 'అమ్మ' నవలతో తెలిసిన గోర్కీయే. డబ్లిన్‌లో నది ఒడ్డున తోపుడుబండి మీద పాత ఫ్రెంచ్ పుస్తకం కొన్నాడు. అందులో గోర్కీ కథ చదివి మంచం మీంచి ఎగిరి దూకాడట. ఇలాంటి కథలుంటాయని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం, ఇందులో పనులన్నీ మావాళ్ళు చేసేవే కదా, పేర్లే కదా వేరు అనుకున్నాడట. ఎక్కడో రష్యా పల్లె, ఫ్రెంచ్‌లో, ఐరిష్ వాడి చేతిలో. అనువాదం అంటే నీరుగారిన కాఫీ అనేవాళ్ళకి ఈ ముక్క వినిపించాలి.

రెండోది భాష. మన గిడుగు వాళ్ళు వ్యావహారికం కోసం పోట్లాడుతున్న రోజుల్లోనే అక్కడా అచ్చం ఆ గొడవే జరిగింది. పదిహేడో శతాబ్దపు పండితుల ఐరిష్‌లో రాయాలా, జనం మాటలో రాయాలా అని. ఫాదర్ పీటర్ ఓ లియరీ 'షేడ్నా' అనే పుస్తకం తన మన్‌స్టర్ (ఐర్లండ్ దక్షిణ ప్రాంతం) యాసలో రాసి, 1904లో పుస్తకంగా తెచ్చి జనం మాట వైపు నిలబడ్డాడు. ఓ కైన్ ఆ తర్వాతి తరం. ఆయన చేతిలో జనం మాట ఉత్త మాటగా ఆగలేదు, మధ్యయుగపు పాత పదాలూ వచ్చి కలిశాయి. తనకి తన వాళ్ళ దగ్గర దొరికిన అన్నిటికన్నా మంచి పనిముట్టు వాళ్ళ మాటే అని 1969లో చేసిన ఒక ప్రసంగంలో చెప్పాడు. అదే ప్రసంగంలో ఇంకో మాట కూడా ఉంది. తనకన్నా ముందే చచ్చిపోయేలా ఉన్న భాషలో మనసుపెట్టి రాయడం కష్టం అని.

వంకాయకూర · బుధవారం రాత్రి 8:52

ఆ చివరి వాక్యం చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టా. సరే, కొంటున్నా. ఏ అనువాదం కొనాలి? రెండు కనిపిస్తున్నాయి.

లిఫీఒడ్డున · బుధవారం రాత్రి 9:30

రెండూ యేల్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్ళవే. 2015లో ఆలన్ టిట్లీ చేసిన 'ది డర్టీ డస్ట్', 2016లో లియమ్ మక్ కనమరా, టిమ్ రాబిన్సన్ చేసిన 'గ్రేవ్‌యార్డ్ క్లే'. ఒకే ప్రెస్ ఏడాది తేడాలో ఒకే నవలకి రెండు అనువాదాలు వేయడం ఎక్కడైనా చూశారా? అంతకుముందు అరవై ఏళ్ళకు పైగా దుకాణంలో ఇంగ్లీష్ ప్రతి దొరకలేదు. నార్వేజియన్‌లోకి, డేనిష్‌లోకి ముందే వెళ్ళిపోయింది.

టిట్లీది దూకుడు. బూతులు దండిగా ఉంటాయి, చదువుతుంటే నవ్వు ఆగదు. కానీ కొన్ని చోట్ల ముసలమ్మలు నిన్నమొన్నటి డబ్లిన్ పబ్బులో కూర్చున్నట్టు అనిపిస్తారు. రెండోది మూలానికి దగ్గర. మక్ కనమరా ఆ ప్రాంతపు భాష తల్లిపాలతో వచ్చినవాడు. రాబిన్సన్ ఇంగ్లండ్ నుంచి వచ్చి, కొనమెరా అంతా కాలినడకన తిరిగి మ్యాపులు గీసినవాడు. నోట్స్ కూడా ఉన్నాయి.

మొదటిసారికి టిట్లీ అంటాను నేను.

టీచరమ్మ_రిటైర్డ్ · గురువారం ఉదయం 6:10

నేను ఒప్పుకోను. మొదటిసారికే రెండోది చదవాలి. బూతు ఎక్కువైతే తిట్టుకి పదును పోతుంది. కత్రీనా తిట్లలో అసలు రుచి ఆవిడ ఎన్నుకునే పోలికల్లో ఉంది.

నల్లరేగడి · గురువారం ఉదయం 9:15

తెలుగుల చేస్తే ఏ యాసల చెయ్యాలె? నేనైతే మా నల్గొండ యాసల జేస్త. పేపర్ల భాషల జేస్తె ఆ ముసలామె మల్ల సస్తది.

గోదారిగట్టు · గురువారం ఉదయం 10:40

నల్గొండ అయితే గోదావరోళ్ళు ఊరుకోరు 😄 జోక్ పక్కన పెడితే, ఒక్క మాటకే చెమట్లు పడతాయి. కత్రీనాకి ఒక ఊతపదం ఉంది, 'అబబూనా!' అని. ఆశ్చర్యానికీ అదే, ఏడుపుకీ అదే, కడుపుమంటకీ అదే. 'ఓరి నాయనో' అంటే ఆశ్చర్యం వస్తుంది గానీ మంట రాదు. 'అమ్మ నాయనోయ్' అంటే నొప్పి ఎక్కువైపోతుంది. మా వైపు 'ఓలమ్మో' కొంచెం దగ్గర.

నల్లరేగడి · గురువారం ఉదయం 10:44

'అవ్వో!' ఒక్కటే మాట. అన్నిటికి సరిపోతది.

గోదారిగట్టు · గురువారం ఉదయం 10:51

...ఓడిపోయాను. 'అవ్వో' పర్‌ఫెక్ట్.

మోడరేటర్ · గురువారం సాయంత్రం 5:00

యాసల పోటీ పెట్టాలంటే దయచేసి వేరే థ్రెడ్ తెరవండి. ముగింపు ఎవరూ బయటపెట్టొద్దు, చదువుతున్నవాళ్ళున్నారు. ఒకటి డిలీట్ చేశాను.

లిఫీఒడ్డున · గురువారం రాత్రి 11:50

ఆ డిలీట్ అయింది నాదే, సారీ. ప్రాయశ్చిత్తంగా ఈ నవల ఎలా పుట్టిందో చెప్తా.

వాళ్ళ ఊళ్ళో ఎవరో చనిపోతే పాతిపెట్టడానికి వెళ్ళారట. ఆ కుటుంబపు గుంత ఎక్కడో తేలలేదు. ఒకటి తవ్వారు, కాదు. ఇంకోటి తవ్వారు, అదీ కాదు. శ్మశానం మ్యాపు తెప్పిస్తే అది చూసినా ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పొద్దుపోతోందని దొరికిన చోట దించేసి వస్తుంటే, దారిలో ఒకాయన అన్నాడట, ఇక అక్కడ కింద మాటల యుద్ధమే అని. ఎవరి మీద ఎవరిని పెట్టారో మరి! అదీ విత్తనం.

ఈయన సమాధి మాత్రం డబ్లిన్‌లోనే, మౌంట్ జెరోమ్ శ్మశానంలో. సొంతూరి మట్టి కాదు.

మా పాప ఇక్కడ ప్రైమరీ స్కూల్లో ఐరిష్ నేర్చుకుంటోంది. ఇక్కడ అందరు పిల్లలకీ అది ఉంటుంది. పదేళ్ళకు పైగా చదివి పెద్దయ్యాక చాలామందికి గుర్తుండే వాక్యం ఒక్కటే, 'బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చా టీచర్'. మా ఆఫీసులో నలుగురిని అడిగితే నలుగురూ నవ్వుతూ అదే చెప్పారు. ఓ కైన్ పేరు అడిగితే ఇద్దరు విన్నామన్నారు, చదివినవాళ్ళు లేరు. ఆయన 1934లో జనాన్ని కూడగట్టి, సైకిళ్ళ మీద డబ్లిన్ దాకా వచ్చి, పడమటి రాళ్ళ నేల మీద బతకలేని కుటుంబాలకి మంచి భూములివ్వమని అప్పటి ప్రభుత్వాధినేత డి వలేరాని అడిగినవాళ్ళలో ఉన్నాడు. ఆ మరుసటేడు మీత్ కౌంటీలో రాహ్ కార్న్ అనే ఊరు వెలిసింది, కొనమెరా నుంచి వెళ్ళిన 27 కుటుంబాలతో. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఐరిష్ మాట్లాడతారు. డబ్లిన్ నుంచి గంట దూరం. పోయిన వేసవిలో వెళ్ళాం. మా పాప అక్కడి కొట్టులో ఐస్‌క్రీమ్ అడగడానికి ఐరిష్‌లో మొదలుపెట్టి, మధ్యలో ఇరుక్కుని, నా వైపు చూసి తెలుగులో 'నాన్నా, చాక్లెట్‌కి ఏమంటారు' అంది. నేనేం చెప్తాను! కొట్టు ఆవిడే అందించింది. ఐరిష్‌లో కూడా ఇంచుమించు చాక్లెట్టే.

మధ్యాహ్నంనిద్ర · శుక్రవారం మధ్యాహ్నం 3:05

నిద్ర లేచి చూస్తే థ్రెడ్ ఇంతైంది. కథలేమైనా రాశాడా ఈయన? నవల ఓపిక నాకు లేదు.

గోదారిగట్టు · శుక్రవారం సాయంత్రం 4:30

చాలా రాశాడు. అసలు కథకుడనే ముందు పేరు. మొదటి సంపుటం 1939లో, చివరి రోజుల్లో 1967లో ఒకటి, 1970లో ఒకటి, పోయాక 1977లో ఇంకోటి. తొలి కథల్లో పల్లె ఆడవాళ్ళ చాకిరీ, చివరి కథల్లో డబ్లిన్ ఆఫీసు గుమస్తాలు, ఫైళ్ళ మధ్య మతిపోయినవాళ్ళు. 1967 సంపుటానికి బట్లర్ అనే సాహిత్య బహుమతి వచ్చింది. నాకు తొలి కథలే ఇష్టం.

కాగితప్పడవ · ఆదివారం రాత్రి 9:20

అప్‌డేట్. సగం దాటాను.

టీచరమ్మ గారు ఫిర్యాదులు పట్టుకోమన్నారు కదా. నిన్న కరెంటు పోయింది. మా నాయనమ్మ పక్కన కూర్చుని ఫోన్ లైట్‌లో చదువుతుంటే, ఏంట్రా అంత నవ్వుతున్నావ్ అంది. నాకొచ్చిన తెలుగులో రెండు పేజీలు చెప్పాను. గొంతులు మార్చకుండా, పేర్లు చెప్పకుండా, పుస్తకంలో ఉన్నట్టే. ఆవిడ తప్పు లేకుండా పట్టేసింది. "ఇది ఇందాకటి పెద్దావిడే. ఇది వియ్యపురాలు. వీడు ఇందాక పొడిపించుకున్నోడు." నలభై పేజీలు నేను పెళ్ళిపత్రిక మీద లెక్కలు కట్టింది ఆవిడ పది నిమిషాల్లో తేల్చేసింది.

ఇవాళ కరెంటు ఉంది. అయినా టీవీ కట్టేసి వచ్చి కూర్చుంది. నేను పుస్తకం తెరవకముందే అడిగింది:

"ఆ చెల్లెలు ఇంకా రాలేదా?"